విశాఖ నుంచి భీమిలికి ఈ-సైకిళ్ల గుంపు: రూటు, బ్యాటరీ లెక్క, దారిలో మరమ్మతు

రామకృష్ణా బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే వెళ్లే రోడ్డు 30 కిలోమీటర్లకు కాస్త తక్కువ. రానుపోను 56 నుంచి 58 అనుకోండి. కొన్నప్పుడు అట్టపెట్టె మీద ‘60 కిలోమీటర్ల మైలేజీ’ అని చూసినవాళ్లు భీమిలి వెళ్లి రావడం తేలికే అనుకుని బయల్దేరతారు. తిరుగు దారిలో రుషికొండ దాటకముందే సగం గుంపు సైకిళ్లు తోసుకుంటూ ఉంటుంది. ఆ 60 అనేది తక్కువ బరువున్న మనిషి, గాలి లేని చదును రోడ్డు మీద, అతి తక్కువ అసిస్ట్‌లో (తొక్కేటప్పుడు మోటార్ చేసే సాయం) తానే ఎక్కువగా తొక్కితే వచ్చే అంకె. బీచ్ రోడ్డు చదునూ కాదు, అక్కడ గాలి ఆగేదీ కాదు.

పది మంది కలిసి వెళ్తే ఆ పదింటిలో అన్నిటికన్నా చిన్న బ్యాటరీ ఎంత దూరం వస్తుందో గుంపు అంత దూరమే వెళ్లాలి. మిగతా ఏర్పాట్లన్నీ దీని తర్వాతే.

ముందు బ్యాటరీ లెక్క

బ్యాటరీ మీద వోల్టులు, ఆంపియర్ అవర్లు రాసి ఉంటాయి. రెండూ గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. మన దగ్గర దొరికే ఈ-సైకిళ్లలో ఎక్కువ భాగం 36 వోల్టులవే. 5.8 ఆంపియర్ అవర్లదైతే 209 వాట్ అవర్లు, 7.8దైతే 281, 10.4దైతే 374.

ఖర్చు తొక్కే తీరును బట్టి ఉంటుంది. పెడల్ అసిస్ట్ ఒకటి, రెండు మీద పెట్టి నిజంగా కాళ్లు ఆడిస్తే కిలోమీటరుకు 6 నుంచి 8 వాట్ అవర్లు. అసిస్ట్ పూర్తిగా పెంచితే 9 నుంచి 11. కాళ్లు కదపకుండా థ్రాటిల్ తిప్పుకుంటూ పోతే 12 నుంచి 15. మనిషి బరువు 85 కిలోలు దాటితే పై అంకెనే తీసుకోండి.

ఒక ఉదాహరణ: 7.8 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, బాగా వాడినది, 15 శాతం సత్తువ పోయిందనుకుందాం. 281లో మిగిలింది 240. అందులో 20 శాతం అత్యవసరానికి పక్కన పెడితే చేతిలో ఉన్నది 190. కిలోమీటరుకు 7 చొప్పున 27 కిలోమీటర్లు. అదే థ్రాటిల్ మీదైతే 14 కిలోమీటర్లే. అంటే ఈ సైకిల్ 12 కిలోమీటర్ల దూరంలోని రుషికొండ దాకా వెళ్లి రావడానికి సరిపోతుంది, అదీ తొక్కితేనే. భీమిలి రానుపోనుకు 7 చొప్పున 400 వాట్ అవర్లు కావాలి. కొత్త 10.4 బ్యాటరీలో కూడా అంత లేదు.

కాబట్టి భీమిలికి మూడు దారులున్నాయి. వెళ్లేటప్పుడు తొక్కి, వచ్చేటప్పుడు సైకిళ్లను ట్రాలీ ఆటోలో వేసుకురావడం మొదటిది. భీమిలిలో ఆగి ఛార్జ్ చేసుకోవడం రెండోది. మామూలు ఛార్జర్ 2 ఆంపియర్లది. గంట పెడితే 70 వాట్ అవర్ల పైచిలుకు ఎక్కుతుంది, అంటే 10 కిలోమీటర్లు. టిఫిన్ తిన్నంత సేపు పెట్టినంత మాత్రాన ఇల్లు చేరరు, రెండు మూడు గంటలు ఆగాలి. సగం దారి అసిస్ట్ ఆపి తొక్కడం మూడోది. 22, 25 కిలోల సైకిల్‌ను అలా లాగగలవాళ్లు గుంపులో అందరూ ఉండరు. కొత్త గుంపైతే మొదటి దారే మేలు. వెళ్లేటప్పుడు తీరుబడిగా ఆగుతూ పోవచ్చు, తిరుగు ప్రయాణం దిగులు ఉండదు.

ఛార్జర్ల గురించి ఒక హెచ్చరిక. 36 వోల్టుల బ్యాటరీకి ఛార్జర్ 42 వోల్టులు ఇస్తుంది, 48 వోల్టుల దానికి 54.6. కొన్నిసార్లు రెండింటి పిన్నూ ఒకేలా ఉంటుంది. హోటల్లో ఒకరి ఛార్జర్ ఇంకొకరు తీసి గుచ్చేయడం గుంపుల్లో మామూలే. 54.6ది 36 బ్యాటరీకి పెడితే లోపలి రక్షణ బోర్డు అడ్డుకోవాలి, అడ్డుకోకపోతే నిప్పే. ప్రతి ఛార్జర్ మీదా యజమాని పేరు, వోల్టేజీ మార్కర్‌తో రాసి ఉండాలి.

ఏ నెలలో, ఏ గాలిలో

ఈ రోడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. గాలి కూడా ఏడాదిలో ఎక్కువ కాలం ఇదే గీత మీద అటో ఇటో వీస్తుంది. మార్చి నుంచి సెప్టెంబరు దాకా దక్షిణం, నైరుతి గాలులు. పొద్దున వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తాయి, సైకిల్ భలే పోతోందనిపిస్తుంది. ఎండెక్కేకొద్దీ సముద్రపు గాలి కూడా తోడై, తిరుగు దారిలో అదంతా ముఖానికి కొడుతుంది. మీరు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, 15 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే గాలి నిరోధం మూడు రెట్లవుతుంది. వెళ్లేటప్పుడు డిస్‌ప్లేలో రెండు ఛార్జ్ గీతలు తిన్న బ్యాటరీ వచ్చేటప్పుడు నాలుగు తింటుంది.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఇందుకు ఉల్టా. ఈశాన్య గాలి వెళ్లేటప్పుడు అడ్డు, వచ్చేటప్పుడు సాయం. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే కష్టం అయిపోతుంది కాబట్టి గుంపుగా వెళ్లడానికి ఇవే మంచి నెలలు, ఎండ కూడా తక్కువ. అక్టోబరు, నవంబరుల్లో తుపానుల సంగతి విశాఖవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్నే తాకింది. జాలర్లు వేటకు వెళ్లొద్దని వాతావరణ శాఖ చెప్పిన రోజున మీ ప్రయాణమూ మానుకోండి.

వెనక్కి తిరిగే చోట ఎంత ఛార్జ్ ఉండాలో బయల్దేరేముందే ఒప్పుకోవాలి. ఎండాకాలంలో 60 శాతం, చలికాలంలో 50. అంతకన్నా ఒక్కరికి తగ్గినా అందరూ అక్కడే తిరగాలి. శాతం చూడటానికి గీతల్ని నమ్మకండి. ఎత్తు ఎక్కుతున్నప్పుడు వోల్టేజీ కుంగి ఒక గీత మాయమవుతుంది, ఆగితే మళ్లీ వస్తుంది. డిస్‌ప్లేలో వోల్టులు చూపే సదుపాయం ఉంటే అదే చూడండి, అదీ ఆగి రెండు నిమిషాలు అయ్యాక. 36 వోల్టుల బ్యాటరీ నిండితే 42. 36, 37 మధ్య ఉంటే దాదాపు సగం. 33కి వస్తే అయిపోవచ్చినట్టే. 30, 31 దగ్గర కంట్రోలర్ (మోటార్‌కు కరెంటు పంపే పెట్టె) కట్ చేసేస్తుంది.

బయల్దేరే ముందు అడగాల్సినవి

గుంపు వాట్సాప్‌లో ‘ఆదివారం 5:30కి కలుద్దాం’ అని పెడితే చాలదు. ప్రతి ఒక్కరి దగ్గర నుంచి ఇవి తీసుకోండి: బ్యాటరీ వోల్టులు, ఆంపియర్ అవర్లు, కొని ఎన్నేళ్లయింది, టైరు సైజు, హబ్ మోటార్ (చక్రం మధ్యలో బిగించిన మోటార్) ముందు చక్రంలోనా వెనక చక్రంలోనా, థ్రాటిల్ లేకుండా ఎప్పుడైనా 20 కిలోమీటర్లు తొక్కారా. ఆఖరి ప్రశ్నకు ‘లేదు’ అన్నవాళ్లకు మొదటిసారి రుషికొండే హద్దు.

మోటార్ ఎంతదో కూడా అడగాలి. మోటార్ శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోల లోపు ఉంటేనే కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం అది సైకిల్ కిందికి వస్తుంది, లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. బయట కిట్ కొని బిగించిన 500, 750 వాట్ల సైకిల్ చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనం. ప్రమాదం జరిగితే చిక్కు ఆ ఒక్కరితో పోదు. పైగా అది గుంపు వేగాన్ని పాడుచేస్తుంది.

గుంపు 8 నుంచి 12 మందైతే సుఖం. అంతకు మించితే రెండుగా చీల్చి పది నిమిషాల తేడాతో వదలండి. దారి తెలిసినవారు ఒకరు ముందు, పనిముట్ల సంచి ఉన్నవారు ఒకరు చిట్టచివర. చివరివారిని ఎవరూ వెనక వదలకూడదు. చిన్న బ్యాటరీ ఉన్నవాళ్లను, పెద్దవాళ్లను ముందువారి వెంటనే పెట్టండి. అప్పుడే వేగం వాళ్లది అవుతుంది, 16 నుంచి 18 మధ్య నడుస్తుంది. వాళ్లు వెనకబడితే అందుకోవాలని థ్రాటిల్ వాడతారు, బ్యాటరీ అక్కడే ఖాళీ అవుతుంది.

ఒకరి వెనక ఒకరు వెళ్లేటప్పుడు మామూలు సైకిళ్ల కన్నా ఎక్కువ ఎడం కావాలి. తక్కువ ధర ఈ-సైకిళ్లలో పెడల్ సెన్సర్ మీరు ఎంత బలంగా తొక్కుతున్నారో చూడదు, పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే చూస్తుంది. అందుకే తొక్కడం మొదలెట్టిన అర సెకనుకో సెకనుకో మోటార్ ఒక్కసారి తోస్తుంది, ఆపాక కూడా ఓ క్షణం తోస్తూనే ఉంటుంది. గుంపులో చక్రాలు తగిలి పడటానికి ఎక్కువ కారణం ఇదే. రెండు సైకిళ్ల పొడవు ఖాళీ వదలండి. స్పీడ్ బ్రేకర్ కనబడగానే బ్రేక్ లీవర్‌ను కొద్దిగా నొక్కి ఉంచితే మోటార్ కట్ అవుతుంది. బయల్దేరే చోటే ప్రతి సైకిల్‌కూ ఇది పరీక్షించండి: మోటార్ ఉన్న చక్రం లేపి, పెడల్ తిప్పుతూ ఒక్కో లీవర్ నొక్కితే మోటార్ ఆగాలి. ఆగకపోతే ఆ సైకిల్ గుంపులోకి వద్దు.

టైర్లలో గాలి 40 నుంచి 45 పీఎస్ఐ. బక్క టైర్లకు ఇంకా ఎక్కువ. టైరు పక్కన రాసి ఉన్న పై హద్దు దాటకుండా చూడండి.

దారి వెంట

రామకృష్ణా బీచ్ దగ్గర కురుసుర జలాంతర్గామి మ్యూజియం ముందు కలవడం సులువు, కొత్తవాళ్లు కూడా దారి తప్పరు. 2002లో పెట్టిన ఈ మ్యూజియం గుర్తు విశాఖలో ఎవరికి చెప్పినా తెలుస్తుంది. అయితే పొద్దున్నే ఈ భాగమంతా నడకకు వచ్చినవాళ్లతో నిండి ఉంటుంది. ఇక్కడ 10 కిలోమీటర్ల వేగం దాటొద్దు, అసిస్ట్ సున్నా చేసుకుని మెల్లగా బయటపడండి. బెల్లు మోగించి దారి అడగడం కన్నా ‘ఎడమ పక్క నుంచి వస్తున్నామండీ’ అని నోటితో చెప్పడం మంచిది.

లాసన్స్ బే, జోడుగుళ్లపాలెం దాటాక కైలాసగిరి కొండ సముద్రం మీదికి వంగినట్టుండే చోట రోడ్డు పైకి లేస్తుంది. తెన్నేటి పార్కు ఇక్కడే. సూర్యోదయం చూడాలంటే రామకృష్ణా బీచ్‌లో ఆగి కాలయాపన చేయకుండా ఇక్కడికి చేరండి. ఎత్తు నుంచి రాళ్లూ అలలూ కలిసి కనబడతాయి. మే నెలలో సూర్యుడు ఐదున్నరకు కాస్త ముందే వస్తాడు, జనవరిలో ఆరున్నర అవుతుంది. కాబట్టి చీకట్లో బయల్దేరాలి, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. పార్కు దగ్గర సైకిళ్లు రోడ్డంచున నిలపకండి, మలుపు కావడం వల్ల వెనక నుంచి వచ్చే కారుకు కనబడవు.

సాగర్‌నగర్ దాటి సుమారు 12 కిలోమీటర్ల దగ్గర రుషికొండ. శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్. చిన్న బ్యాటరీలవాళ్ల మలుపు ఇదే. ఇక్కడ గాలికి రోడ్డు మీదికి ఇసుక చేరుతుంది, పలచటి పొర కంటికి ఆనదు. మలుపులో దాని మీద ముందు బ్రేక్ వేస్తే చక్రం జారుతుంది. ఫొటో కోసం సైకిల్‌ను నీళ్లంచుకు తీసుకెళ్లాలని ప్రతి గుంపులో ఎవరో ఒకరికి సరదా పుడుతుంది. వద్దు. తడి ఇసుకలో మోటార్‌కు బరువెక్కువ, ఉప్పునీరు హబ్ బేరింగుల్లోకి, కనెక్టర్లలోకి దూరితే నెల తిరక్కుండా తుప్పు.

రుషికొండ తర్వాత జనం పలచబడతారు, రోడ్డు ఎత్తుపల్లాలుగా సాగుతుంది. అసలు అందం ఇక్కడి నుంచే. 18 కిలోమీటర్లు దాటాక ఎడమ చేతి వైపు తొట్లకొండకు దారి, కుడి వైపు మంగమారిపేట. తొట్లకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలు, స్తూపం, నీటి తొట్లు ఉన్నాయి. పైనుంచి చూస్తే తీరం వంపు మొత్తం కనబడుతుంది. ఆ ఎత్తు దాదాపు 128 మీటర్లు. మనిషి, సైకిల్, సంచి కలిపి 100 కిలోలనుకుంటే 100 మీటర్లు ఎక్కడానికి 27 వాట్ అవర్లు కావాలి, మోటార్ నష్టాలతో కలిపి 35. అంటే ఆ కాస్త ఘాట్ రోడ్డుకు నాలుగైదు కిలోమీటర్ల దూరం పోయినట్టే. అంతకన్నా పెద్ద సమస్య, హబ్ మోటార్ 8 కిలోమీటర్ల లోపు వేగంతో బరువు లాగితే కరెంటు చాలావరకు వేడిగా మారుతుంది. చేయి పెట్టలేనంత వేడెక్కితే లోపలి తీగల పూత, ప్లాస్టిక్ గేర్లు దెబ్బతింటాయి. గేరు తగ్గించి, కాళ్లతో సాయపడుతూ 10 పైన వేగం నిలుపుకోలేకపోతే దిగి నడిపించండి. సిగ్గేం లేదు. దిగేటప్పుడు బ్రేకులు పట్టి పట్టి వదలండి. ఒకే పట్టు పడితే చిన్న డిస్కులు కాలి పట్టు తగ్గుతాయి.

మంగమారిపేటలో అలలు కోసిన రాతి తోరణం ఉంది, పోటు లేనప్పుడే దగ్గరికి వెళ్లగలరు. 36, 38 కిలోమీటర్ల ప్రయాణం కావాలనుకునేవాళ్లకు ఇది తిరుగు మలుపు.

తర్వాత నౌకాదళం ఐఎన్ఎస్ కళింగ స్థావరం వస్తుంది. ఆ గోడల దగ్గర ఫొటోలు, డ్రోన్లు పెట్టుకోకండి, ఆగకుండా సాగిపోండి. అది దాటాక ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లపాటు గాలి, నీరు, సముద్ర మట్టం మార్పులు కలిసి పేర్చిన ఎర్ర ఇసుక ఇది. వాననీరు కోసిన గాడులు గోడల్లా నిలబడి ఉంటాయి. ఇలాంటివి తమిళనాడు తేరి ఇసుకల్లోనూ శ్రీలంకలోనూ తప్ప ఈ ప్రాంతంలో అరుదు. లావు టైర్ల సైకిల్ ఉందని దిబ్బల మీదికి ఎక్కించొద్దు. పైపొర ఒకసారి చితికితే తర్వాతి వానకు ఆ జాడే గండి అవుతుంది. సైకిళ్లు బయట తాళం వేసి, ఒకరిని కాపలా ఉంచి, నడిచి చూడండి. వెంట ఉన్న బ్యాటరీని ఎండలో నల్లటి సంచీలో వదలకండి.

భీమిలికి ఇక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్లే. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు అన్నీ సైకిల్ మీదే చుట్టేయొచ్చు. టిఫిన్‌కు కూర్చునే హోటల్లో ముందు రోజే ఫోన్ చేసి, ఛార్జింగుకు ప్లగ్గులు ఎన్ని ఇవ్వగలరో అడిగి, కరెంటుకు డబ్బిస్తామని చెప్పండి. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఐదారు ఛార్జర్లు తగిలించినా ఒక్కోటి 100 వాట్ల లోపే కాబట్టి భారం కాదు, కానీ వదులు ప్లగ్గు వేడెక్కుతుంది, చూసుకోండి. ట్రాలీ ఆటో కూడా ముందు రోజే మాట్లాడాలి. అందులో సైకిళ్లను ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పి నిలబెట్టి, మధ్యలో పాత దుప్పట్లు పెట్టి కట్టండి. బ్యాటరీలు తీసి మనుషులతో పాటే తెచ్చుకోవాలి. మనుషులకు 900కే బస్సు బీచ్ రోడ్డు మీదుగానే వస్తుంది.

దారిలో ఆగిపోతే

మోటార్ రాకపోతే అందరూ ముందు బ్యాటరీనే అనుమానిస్తారు. నిజానికి ఎక్కువసార్లు బ్రేక్ లీవరే కారణం. అది పూర్తిగా వెనక్కి రాకపోతే కట్-ఆఫ్ స్విచ్ నొక్కుకునే ఉంటుంది, కంట్రోలర్ మోటార్‌కు కరెంటు ఇవ్వదు. రెండు లీవర్లనూ వేలితో బయటికి నెట్టి చూడండి. కాకపోతే పెడల్ దగ్గర అయస్కాంతాల చక్రం సెన్సర్‌కు ఎదురుగా ఉందా, మూడు నాలుగు మిల్లీమీటర్ల కన్నా దూరం జరిగిందా చూడాలి. ఆ తర్వాత మోటార్ ఉన్న చక్రం దగ్గరి కనెక్టర్. బ్యాటరీ తన గాడిలో సరిగా కూర్చుందో లేదో కూడా చూడండి. గుంతలకు కదిలి కాంటాక్టు వదులుతుంది.

వెనక చక్రంలో హబ్ మోటార్ ఉన్న సైకిల్‌కు పంక్చరైతే చక్రం విప్పకుండానే పని కానివ్వండి. టైరును ఒక పక్క రిమ్ నుంచి లేపి, ట్యూబు లాగి, రంధ్రం వెతికి ప్యాచ్ వేస్తే చాలు. టైరు లోపల వేళ్లు తిప్పి ముల్లు తీయడం మరవకండి. లేకుంటే ఐదు నిమిషాల్లో మళ్లీ అదే చోట. చక్రం విప్పక తప్పకపోతే ముందు బ్యాటరీ ఆపి తీసేయండి. కనెక్టర్‌ను మెలితిప్పకుండా నేరుగా లాగాలి, మెలితిప్పితే లోపలి సన్నపిన్నులు వంగుతాయి. మళ్లీ పెట్టేటప్పుడు రెండు వైపులా ఉన్న బాణం గుర్తులు కలపండి. ఇరుసు పక్క కొక్కెం వాషర్లు ఏ క్రమంలో ఉన్నాయో విప్పకముందే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అవి తప్పు పడితే మోటార్ బలానికి ఇరుసే తిరిగి తీగ తెగుతుంది.

చివరివారి సంచిలో ఉండాల్సినవి: హబ్ ఇరుసుకు 18 స్పానర్, ముందు చక్రానికి 15, 4-5-6 అలెన్ కీలు, టైరు లీవర్లు రెండు, ప్యాచ్ కిట్, గుంపులో ఉన్న టైరు సైజులకు ఒక్కో ట్యూబు, ప్రెజర్ గేజీ ఉన్న చేతి పంపు, కేబుల్ టైలు, కత్తిరించడానికి కట్టరు, ఇన్సులేషన్ టేపు, పొడి గుడ్డ. ప్రథమ చికిత్స పెట్టెలో సెలైన్ నీళ్లు ఎక్కువ పెట్టుకోండి, రోడ్డు మీద పడి గీరుకున్న గాయాల్లో చేరేది ఇసుకే. తలకు దెబ్బ తగిలితే, ఒక్క క్షణం స్పృహ తప్పినా, ‘బాగానే ఉన్నా’ అన్నా వినకుండా 108కి ఫోన్ చేయాలి.

మంచినీళ్లు మనిషికి లీటరున్నర. వేసవిలో ఉప్పు వేసిన మజ్జిగ. దారిలో కొబ్బరి బోండాలు దొరుకుతాయి, వాటినే నమ్ముకుని బయల్దేరొద్దు.

ఇంటికొచ్చాక

ఉప్పుగాలి పని ఆ రాత్రే మొదలవుతుంది. పైపు పెట్టి కొట్టకండి, ఒత్తిడి నీళ్లు బేరింగుల్లోకి ఉప్పును ఇంకా లోపలికి తోస్తాయి. మంచినీళ్లలో పిండిన గుడ్డతో ఫ్రేము, చువ్వలు, కనెక్టర్ల పైభాగం తుడిచి, పొడి గుడ్డ పెట్టండి. చైన్ తుడిచి, లింకు లింకుకూ ఒక చుక్క సైకిల్ నూనె వేసి, పది నిమిషాల తర్వాత పైన మిగిలింది తుడిచేయాలి. తుడవకపోతే ఇసుక అంటుకుని అదే గరకు కాగితం పని చేస్తుంది. డిస్కు మీద నూనె పడనీయకండి.

బ్యాటరీ ఇంకా వెచ్చగా ఉండగా ఛార్జర్ పెట్టొద్దు, అరగంటో ముప్పావుగంటో నీడలో చల్లారనివ్వండి. వచ్చే వారమే మళ్లీ వెళ్లేట్టయితే ముందు రోజు రాత్రి పూర్తిగా నింపుకోవచ్చు. నెల, రెండు నెలలు వాడనట్టయితే సగానికి కాస్త పైన, 37 లేదా 38 వోల్టుల దగ్గర ఆపి, సైకిల్ నుంచి తీసి గదిలో పెట్టి, నెలకోసారి వోల్టేజీ చూస్తుండండి.